నాలుగో వరుసలో మూడో ముక్క

చేత్తో కుట్టిన బొంత. అంతా అయ్యాక కనపడిన చిన్న తప్పు. విప్పాలా, వదిలేయాలా? ఒక ఇంట్లో పదిహేను రోజులు నడిచిన తర్జనభర్జన.

"ఏమే, ఆ ముక్క తిరగబడింది చూడు" అంది అమ్మ.

డాబా మీద తీగకు బొంత ఆరేసి క్లిప్పులు పెడుతున్నాను. టెక్సస్‌లో ఉన్న అక్క కూతురు నీళ్లోసుకుందని తెలిసిన వారమే మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం కాఫీ అయ్యాక గంటో గంటన్నరో కూర్చుంటే నాలుగు నెలలకు పూర్తయింది. అడ్డంగా ఆరు, నిలువునా తొమ్మిది, మొత్తం యాభైనాలుగు ముక్కలు. ఒక్కోటి ఆరంగుళాలు. వెడల్పు గజం, పొడవు గజంన్నర. అందులో అమ్మమ్మ వాయిల్ చీరలు రెండున్నాయి, అమ్మ మంగళగిరి చీర ఒకటుంది, నా పెళ్లిలో ఎవరో పెట్టిన పెడన కలంకారీ దుప్పటి ఉంది. అడుగున తాతయ్య పంచె. కుట్టడం అయిపోయింది, ఉతకడమూ అయిపోయింది, ఇక ఆరితే పార్సిల్ కట్టడమే.

అమ్మ వేలు చూపించిన చోట చూశాను. పైనుంచి నాలుగో వరుస, ఎడమనుంచి మూడో ముక్క. కలంకారీ అద్దకం లోపలికి వెళ్లిపోయి, వెలిసిన వీపు పైకొచ్చింది. మిగతా కలంకారీ ముక్కల్లో తీగలూ పువ్వులూ గీత గీసినట్టుంటే, ఇందులో అవే తీగలు పొగమంచులో ఉన్నట్టున్నాయి. నాలుగు నెలలు ఒళ్లో పెట్టుకుని కుట్టిన నాకు కనపడలేదు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిన అమ్మకు మెట్ల దగ్గరనుంచే కనపడింది.

"విప్పుతావా?" అంది.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. దాన్ని పట్టుకుని పదిహేను రోజులు తిరిగాను.

విప్పడమంటే

బొంత కుట్టనివాళ్లకు ఇదొక ముక్క మార్చే పనిలా కనిపిస్తుంది. చొక్కాకు గుండీ మార్చినంత అనుకుంటారు. కానీ బొంతలో ఏ ముక్కా దానంతట అది ఉండదు. ముందు ముక్కలన్నీ ఒకదానికొకటి అతుకుతాం. ఆ పైపొర కింద మరో పాత చీర మడత, దాని కింద పంచె పరుస్తాం. మూడూ జరిగిపోకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, ఆ తర్వాత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలెడు ఎడంతో వరుస మీద వరుస కుట్టుకుంటూ పోతాం. ఆ వరుసలే బొంతకు ప్రాణం. అవి లేకపోతే ఒక్క ఉతుకుతో లోపలి బట్ట ఒక మూలకు చేరి ముద్దయిపోతుంది.

నా తిరగబడ్డ ముక్క మీదుగా అలాంటి వరుసలు ఎనిమిది వెళ్లాయి. అంగుళానికి అయిదు కుట్ల లెక్కన ఆ ఒక్క ముక్కలో రెండొందల నలభై కుట్లు. అవి విప్పడం పెద్ద సంగతి కాదు, ఒక సాయంత్రం పని. చిక్కంతా దారంతో. అంచు నుంచి అంచుకు ఏకంగా నడిచిన దారాన్ని మధ్యలో తెంపితే ముడి వేయడానికి కొస దొరకదు. కొస కావాలంటే అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు కూడా విప్పాలి. ఆరంగుళాల తప్పు సరిచేయబోతే అడుగు మేర బొంత వదులవుతుంది. ఆ తర్వాత ముక్క నాలుగు పక్కలా ఉన్న అతుకులు విప్పాలి. ఒక పక్క కలంకారీయే కాబట్టి పర్లేదు. మిగతా మూడు పక్కలా అమ్మమ్మ వాయిల్. ఏళ్ల తరబడి ఉతికిన వాయిల్.

కొత్త నూలుబట్టలో సూది చేసిన కన్నం నీళ్లు తగిలితే మూసుకుపోతుంది. పోగులు పక్కకు జరిగి మళ్లీ చోటికి వస్తాయి. పాత బట్టలో ఆ సత్తువ ఉండదు. కుట్టు విప్పిన చోట చుక్కలు చుక్కలుగా కన్నాలు మిగులుతాయి, మళ్లీ అదే గీత మీద సూది గుచ్చితే పోగు పుటుక్కున తెగుతుంది. ఉల్లిపొర మీద కుట్టినట్టే.

మరో దారి ఉంది. ఏదీ విప్పకుండా, అదే దుప్పటిలోంచి కాస్త పెద్ద ముక్క కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, తప్పు మీద కప్పి చుట్టూ సన్నగా కుట్టేయొచ్చు. చాలామంది చేసేది ఇదే. నేనూ ఒక ముక్క కత్తిరించి దాని మీద పరిచి చూశాను. బాగానే కప్పింది. కానీ ఆ చోట బట్ట నాలుగు పొరలై, అరచేత్తో నిమిరితే అట్టలా తగిలింది. కంటికి కనపడే తప్పు పోయి చేతికి తగిలే తప్పు వచ్చింది. తీసేశాను.

బట్ట పాతబడితేనే బొంత

మన పత్రికలకు సంకీర్ణ ప్రభుత్వం అనగానే గుర్తొచ్చే మాట 'అతుకుల బొంత'. ఏ క్షణాన విడిపోతుందో తెలియనిదని దాని భావం. ఆ మాట పుట్టించినవాళ్లు బొంత కప్పుకున్నారేమో గానీ కుట్టి ఉండరు. అతుకు దగ్గర బట్ట రెండు మూడు పొరలుంటుంది, దాని మీద కుట్టు ఉంటుంది. పాత బొంత ఏదైనా తీసి చూడండి, చిరిగేది ముక్క నడిబొడ్డున. అతుకులు పుల్లల్లా నిలబడే ఉంటాయి.

సంస్కృతంలో దీన్ని కంథ అన్నారు. బెంగాల్లో కాంథా అయింది. కన్నడిగులకు కౌది, మరాఠీలకు గోధడి, సింధు రాజస్థాన్ వైపు రల్లీ. పేరు ఏదైనా సరుకు ఒకటే, ఇంట్లో మిగిలిన పాత బట్ట. పురిటిబిడ్డకు మనవాళ్లు కొత్త బట్ట తొడగరు కదా. పొత్తిగుడ్డలంటే పాత చీరల పేలికలే. గంజి, గరుకు, ఎక్కువైన రంగు అన్నీ ఉతుకుల్లో పోయాక మిగిలిన మెత్తదనం ఏ దుకాణంలోనూ దొరకదు. బొంత మెత్తదనమూ అదే. కాబట్టి ఇందులో తప్పు దిద్దడమంటే, వయసైపోయిన బట్ట మీద ఇంకోసారి కత్తెర వేయడం. కొత్త బట్టతో కుట్టి ఉంటే ఈ కథనం ఉండేదే కాదు. ఆ సాయంత్రమే విప్పి పారేసేదాన్ని.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ ముక్క కలంకారీ కాకుండా పోచంపల్లి ఇకత్ అయి ఉంటే ఈ తప్పు జరిగే వీలే లేదు. ఇకత్‌లో నూలుకు ముందే కట్లు కట్టి రంగు వేస్తారు, తర్వాత నేస్తారు. రంగు పోగులోనే ఉంటుంది గనక బట్టకు వెనకా ముందూ ఒకలాగే ఉంటాయి. అచ్చులతో పైన అద్దిన బట్టకే బోర్లా వెల్లకిలా. అదే ఇకత్‌లో బొమ్మ అంచులు ఎప్పుడూ కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరగడం వల్ల వచ్చేదది. దాన్ని తప్పని ఎవరూ అనరు. పైగా అంచు మరీ కచ్చితంగా ఉంటేనే ఇది అసలు ఇకతేనా, ఇకత్ బొమ్మ ముద్రించిన గుడ్డా అని బట్ట తిరగేసి చూస్తారు. నా ముక్క సంగతి అలా కాదు. ఇది చేతిపని స్వభావం కాదు. పరధ్యానం. బహుశా ఏదో సీరియల్ నడుస్తూ ఉంటుంది.

వినయం ముక్క

అక్క కూతురికి ఫోన్లో చెప్పాను. నవ్వేసింది. "వదిలెయ్ పిన్నీ. ఇక్కడ ఆమిష్ వాళ్లు క్విల్ట్ కుట్టేటప్పుడు కావాలనే ఒక తప్పు వదులుతారట. లోపం లేనివాడు దేవుడొక్కడే అని."

ఈ కథ నేనూ విన్నాను. పర్షియా తివాచీల గురించీ ఇదే చెబుతారు. ఎంత ముచ్చటైన కథో! ఒక్కటే ఇబ్బంది, నిజం కాదు. అమెరికా క్విల్ట్‌ల చరిత్రను పరిశోధించినవాళ్లు దీన్ని కట్టుకథల కిందే జమకట్టారు. పాత క్విల్ట్‌లలో తిరగబడ్డ ముక్కలు, మారిన రంగులు లేక కాదు, ఉన్నాయి. కానీ దేవుడి కోసం వదిలామని కుట్టినవాళ్లు చెప్పిన దాఖలా లేదు. తర్వాతి కాలంలో వాటిని చూసినవాళ్లు, కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు అల్లుకున్న మాట అది. మామూలు బుద్ధితో ఆలోచించినా నిలవదు. కావాలని ఒక తప్పు పెట్టాలనుకున్న మనిషి, మిగతాదంతా తప్పు లేకుండా వచ్చిందని ముందే నమ్మాలి కదా. అంతకంటే గర్వం ఇంకేముంటుంది? సూది పట్టిన ఏ ఆడమనిషికైనా తెలుసు, తప్పుల్ని పిలవక్కర్లేదు, వాటంతట అవే వస్తాయి.

నాకు ఆ కథతో తగువు ఇంకొకటుంది. అది తప్పు చేసినవాళ్ల చేతిలో ఒక గౌరవప్రదమైన సాకు పెడుతుంది. ఈ ముక్క తిరగబడింది నా పరధ్యానం వల్ల. దానికి వినయం అని పేరు పెట్టి ఊరుకుంటే దొంగ లెక్క రాసినట్టు ఉంటుంది. వదిలేస్తే తప్పని తెలిసే వదిలేయాలి.

ఎవరి కంటికి తప్పు?

అలబామాలో ఒక నది మెలిక తిరిగిన చోట జీస్ బెండ్ అనే పల్లె ఉంది. పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ల వారసులు అక్కడివాళ్లు. పొలంలో వేసుకుని అరిగిపోయిన ప్యాంట్లు, పిండి బస్తాల గుడ్డ, పాత గౌన్లు కలిపి ఆ ఊరి ఆడవాళ్లు తరతరాలుగా క్విల్ట్‌లు కుట్టుకున్నారు. చలికి కప్పుకోవడానికీ, గోడల సందుల్లోంచి వచ్చే గాలి ఆపడానికీ. గీతలు వంకరగా పోతాయి, చతురస్రం ఒక పక్కకు ఒరుగుతుంది, ఎర్ర పట్టీ ఉన్నట్టుండి ఆగిపోయి నీలం మొదలవుతుంది. ఎర్రబట్ట అయిపోయింది మరి.

1966లో, పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. న్యూయార్క్ పెద్ద దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. ఆర్డర్లతో పాటే కొలతలూ వచ్చాయి. వంద క్విల్ట్‌లు కావాలంటే వందా అచ్చుగుద్దినట్టు ఉండాలి. చేతికొచ్చినట్టు కుట్టడమే పద్ధతిగా పెరిగినవాళ్లకు ఆ పద్ధతే తప్పైపోయింది. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే పని దొరికింది. ఆ గలీబులన్నీ ఒకేలా కుట్టి, మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇంటికి తెచ్చుకుని తమ మంచాల మీదకు తమకు తోచినట్టు కుట్టుకున్నారు.

2002లో ఆ క్విల్ట్‌లు హ్యూస్టన్ మ్యూజియంలో, అదే ఏడాది న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. చూసినవాళ్లు ఆధునిక చిత్రకళ అన్నారు. 2006లో అమెరికా తపాలాశాఖ పది క్విల్ట్‌లతో స్టాంపులు వేసింది. అదే ఒరిగిన చతురస్రం దుకాణదారుకు పనికిమాలిన సరుకు, మ్యూజియంకు కళాఖండం. కుట్టినామెకు మాత్రం ఆ రెండూ కాదు, ఆ రాత్రి పిల్లలకు కప్పేది.

మ్యూజియంల మాట వచ్చింది కాబట్టి, పాత బట్టలను భద్రపరిచేవాళ్ల దగ్గర నాకు నచ్చిన నియమం ఒకటుంది. కుట్టిన మనిషి వేసిన కుట్టు విప్పరు, అది వంకరైనా సరే. తాము చేసే మరమ్మతు మాత్రం రేపెవరైనా విప్పడానికి వీలుగా ఉండాలంటారు. అది పోయినవాళ్ల పనికి పెట్టుకున్న నియమం. నేనింకా ఉన్నాను. నా బొంత నేను విప్పుకుంటే అడ్డేవాళ్లెవరు?

విప్పి తీరాల్సినవి

వదిలేయడం గురించి ఇంత రాస్తున్నాను గానీ, ఏ తప్పైనా చల్తా అనే మనిషిని కాను. కొన్ని తప్పులు కంటిని మాత్రమే ఇబ్బంది పెడతాయి. కొన్ని లోపల్లోపల పని చేస్తూ ఉంటాయి. అతుకు దగ్గర లోపలికి బట్ట సరిగా వదలకుండా, పావంగుళం ఉండాల్సిన చోట నూలుపోగంత వదిలి కుట్టామనుకోండి, ఇవాళ చక్కగా కనిపిస్తుంది, నాలుగో ఉతుక్కు నోరు తెరుస్తుంది. రంగు కారే బట్ట ఒక్కటి కలిసినా మిగతా యాభైమూడు ముక్కలూ దాని రంగుకు మారతాయి. వరుసల మధ్య బెత్తెడు ఎడం వదిలితే లోపలి బట్ట ముద్దకడుతుంది. జరీ అంచు ముక్క కలిపితే పసిచర్మాన్ని గీరుతుంది. మా పిన్ని ఒకావిడ మనవడి బొంతకు అద్దాలు కూడా కుట్టింది, చూడముచ్చటగా ఉందిలే గానీ వాడెప్పుడూ దాని మీద పడుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యం వదులు దారం. వెంట్రుకో దారపు పోగో పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలికి రక్తం అందదు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. పిల్లల డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే ఇది. బొంతలో ఉచ్చులా తేలిన కుట్టు ఎక్కడ కనపడినా, ఎంత అందమైన వరుస మధ్యలో ఉన్నా, తెంపి మళ్లీ కుట్టాల్సిందే. అందులో తర్జనభర్జన లేదు.

కుట్టేవాళ్లు తమతమ పద్ధతుల్లో ఎక్కడ రాజీ పడరో చూస్తే ఇదే కనపడుతుంది. కర్ణాటకలో ఎల్లాపురం, హళియాళ అడవుల వైపు ఉండే సిద్దీలు, ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ల సంతతి, కుట్టే బొంతను కవంది అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. ముక్కల కొలతలకు లెక్కాపత్రం ఉండదు, చేతికందింది వేసుకుంటూ పోవడమే. కానీ నాలుగు మూలలా మడిచిన గుడ్డతో త్రికోణంగా చిన్న పువ్వులు కుట్టకుండా మాత్రం ఇవ్వరు. ఫూల అంటారు వాటిని. అవి లేని బొంత బట్టల్లేని మనిషి లాంటిదట.

అటక మీది పెట్టె

వారం గడిచాక ట్రంకుపెట్టె దింపించి అమ్మమ్మ కుట్టిన బొంత తీశాను. ఒప్పుకుంటాను, సలహా కోసం కాదు, సాక్ష్యం కోసం. ఆ బొంతలో ఒక చోట, బియ్యపు గింజల్లాంటి అమ్మమ్మ కుట్లు ఉన్నట్టుండి వేరుశనగ గింజలంత అవుతాయి. మూడు వరుసలు అలా నడిచి మళ్లీ సన్నబడతాయి. అవి చిన్నప్పుడు అమ్మ వేసిన కుట్లు. కూతురి మొదటి కుట్లు కదా అని అమ్మమ్మ విప్పకుండా దాచుకుందని నేను చాలా ఏళ్లుగా నమ్ముతున్నాను. నమ్మడమే కాదు, నలుగురికీ చెప్పాను. ఒకసారి రేడియోలో కూడా చెప్పినట్టు గుర్తు.

బొంత అమ్మ ముందు పరిచి, "చూడు, అమ్మమ్మ నీ వంకర కుట్లు విప్పలేదుగా" అన్నాను.

"విప్పలేదా? రెండుసార్లు విప్పించింది. నెత్తి మీద మొట్టి మరీ."

"మరి ఇవి?"

"మూడోసారివి. దారం అయిపోయింది. అప్పట్లో దారం కొనేవాళ్లమా? చీర అంచులోంచి పోగులు లాగి మూడేసి కలిపి పేనుకునేవాళ్లం. పేనిందంతా అయిపోయింది, మర్నాటి నుంచి నాట్లు. ఇంకెవరు విప్పుతారు?"

నా రేడియో ప్రసంగం అలా కొట్టుకుపోయింది. అమ్మమ్మకు నేను అంటగట్టిన మురిపెం ఆవిడది కాదు. దారం, తీరిక, మర్నాటి నాట్లు, వీటి మధ్య ఆవిడ తేల్చుకుంది. ఆలోచిస్తే నా లెక్క కూడా అంతే. వాయిల్ ఎంత ఓర్చుకుంటుంది? పురిటికి ఎన్ని రోజులుంది? ఆ ముక్క ఎవరిని బాధపెడుతుంది? నన్ను. పుట్టబోయే బిడ్డనైతే కాదు. ఏడాది నిండేదాకా పడుకునే తొట్టిలో బొంతా దుప్పటీ దిండూ ఏదీ వేయొద్దని అమెరికాలో పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు, ఊపిరాడక ప్రమాదమని. కాబట్టి ఈ బొంత కప్పడానికి కాదు. పగటిపూట, పక్కన పెద్దవాళ్లుండగా, నేల మీద పరిచి బిడ్డను బోర్లా వేయడానికి. మెడ నిలబెట్టడం నేర్చుకుంటున్న బిడ్డకు జానెడు దూరంలో కనపడేది ఒక ముక్క, మహా అయితే రెండు. వరుస మొత్తం చూసి ఇది తిరగబడిందని పట్టుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఆ వయసు వచ్చాక పట్టుకుంటే, ఫోన్ చేసి అడగనీ, చెబుతాను.

విప్పనని అమ్మతో అనేశాను. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. "ఇటివ్వు" అని బొంత ఒళ్లోకి లాక్కుంది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. తప్పులు వెతకబోతూ కళ్లజోడు తీయడమేమిటా అనుకున్నాను. బొటనవేలు అంచు మీద ఆనించి, గోరుతో నొక్కుకుంటూ, చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఒక పక్క అయింది. రెండో పక్క అయింది. మూడో మూల దగ్గర వేలు ఆగింది.

అంచుపట్టీ మూలలో మడిచిన చోట కుట్టు బట్టను సగమే పట్టింది. పైకి మడత చక్కగా ఉంది. గోరు పెట్టి లాగితే చిటికెన వేలు దూరేంత సందు. పసివేలైతే ఇంకా సులువుగా దూరుతుంది. పదిహేను రోజులుగా నాలుగో వరుస చుట్టూ తిరుగుతూ ఆ మూల వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇది విప్పు" అంది.

ఎనిమిది కుట్లు విప్పాను. మడత లోపలికి తోసి, దారం రెండు పేటలు చేసి, దగ్గర దగ్గరగా కుట్టాను. అమ్మ మళ్లీ గోరు పెట్టి లాగింది. రాలేదు. మిగిలిన నాలుగో పక్క కూడా చివరిదాకా తడిమి, బొంత నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది.

కొరియర్ దుకాణంలో తూచితే కిలో నూట ఇరవై గ్రాములు. లోపల ఏముందో ఫారంలో రాయాలి. "పాత బట్టలేనా?" అనడిగాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. అవునన్నాను.